మూత లేని ఐదో గిన్నె: అమెరికన్ వెండి టీ సెట్టు గురించి తెలిసినవారు చెప్పండి

ఎడిసన్‌లో తెనాలి

అందరికీ నమస్కారం. మా వీధి చివరి ఇంటి పెద్దావిడ పోయాక ఆమె పిల్లలు ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారు. పాత కుర్చీ చూద్దామని వెళ్ళి, మసిబారి నల్లగా ఉన్న టీ సెట్టు ఒకటి ఎత్తుకొచ్చాను. ధర ఇక్కడ రాయను, మా వారు కూడా ఈ చర్చలు చదువుతారు.

పళ్ళెం కాక ఐదు వస్తువులు. పొడుగు కూజా, పొట్టి కూజా, మూత ఉన్న పంచదార గిన్నె, పాల చెంబు, మూత లేని ఇంకో గిన్నె. ఆ ఐదోదాని మూత పోయిందా? అడుగున ముద్రలు ఇలా ఉన్నాయి: నడుస్తున్న సింహం, లంగరు, పాత కాలపు వంకరల ‘జి’ అక్షరం. వాటి కింద స్టెర్లింగ్ అని, ఒక అంకె, దాని దగ్గర చిన్న బొమ్మ. పళ్ళెం అడుగున మాత్రం సింహం లేదు. కూజాల పొట్టమీద మూడు అక్షరాలు తీగల్లా అల్లుకుని చెక్కి ఉన్నాయి.

అసలు సమస్య మా అమ్మ. తెనాలి నుంచి వచ్చి ఆరు వారాలైంది. చూసీ చూడగానే, “ఎవరి ఇంటి అక్షరాలో మనకెందుకు? ఊరికి తీసుకెళ్ళి కరిగిస్తే రెండు కుందులు, కలశం చెంబు వస్తాయి” అంది. అది అసలు వెండేనా, కరిగించాలా, ఉంచాలా, ఏదైనా చెప్పండి.

బోస్టన్ బాబాయి

అమ్మాయీ, మూత ఎక్కడికీ పోలేదు. ఆ గిన్నెకు మూత ఉండదు. కప్పు అడుగున మిగిలిన చల్లారిన టీ, ఆకు పిప్పి ఒంపేసి, మళ్ళీ వేడిది పోసుకోవడానికి పెట్టిన గిన్నె అది. మన ఇంట్లో అయితే ఆ పని గచ్చు చూసుకుంటుంది. వాళ్ళు అతిథుల ముందే ఒంపాలి కాబట్టి దానికీ వెండి చేయించారు.

ముద్రలు గోరమ్ కంపెనీవి. రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో 1831లో మొదలైన పని. సింహం ఉంది కదా ఇంగ్లండ్ సరుకు అనుకునేవారు చాలామంది. ఇంగ్లండులో సింహం ముద్ర వేయాలంటే పరీక్షశాలలో వెండి నెగ్గాలి. అమెరికాలో అలాంటి ఏర్పాటు దాదాపు లేదు. బాల్టిమోర్‌లో మాత్రం 1814 నుంచి 1830 వరకు పరీక్షాధికారి ఉండేవాడు. మిగతాచోట్ల పనివాడి పేరే హామీ. గోరమ్ వారు 1868లో వెయ్యికి 925 పాళ్ళ స్టెర్లింగ్ ప్రమాణానికి మారారు. అదే ఏడాది నుంచి సంవత్సరానికి ఒక అక్షరం వేశారు, 1885 నుంచి అక్షరం బదులు బొమ్మ. మీరు చెప్పిన చిన్న బొమ్మ అదే అయి ఉండాలి. పట్టికలు నెట్‌లో దొరుకుతాయి, భూతద్దం పెట్టి సరిచూసుకోండి.

కంసాలి మనవణ్ణి

బాబాయి గారు ముద్ర చూశారు, నేను తూకం అడుగుతాను. పళ్ళెం తీసేసి మిగతా ఐదూ కలిపి ఎన్ని గ్రాములు? ఇంకొక మాట. ఎవరైనా అయస్కాంతం పెట్టి చూడమంటే నవ్వి ఊరుకోండి. వెండి అంటుకోదు, నిజమే. ఇత్తడీ అంటుకోదు, రాగీ అంటుకోదు. మా తాత కొట్లో గీటురాయి ఉండేది. ఆయనైనా నగిషీ ఉన్న చోట గీయకుండా అడుగున కనపడని అంచు చూసుకునేవాడు. ఆకురాయితో గాడి పెట్టి చూస్తానన్నవాడికి మాత్రం ఇవ్వకండి.

డాలస్ పాతసామాను

నా కథ వినండి, నవ్వుకోండి. అమెరికా వచ్చిన కొత్తలో ఒక పాతసామాన్ల కొట్లో బ్రహ్మాండమైన కాఫీ కూజా కొన్నాను. అడుగున ‘క్వాడ్రుపుల్ ప్లేట్’ అని ఉంది. నాలుగింతల వెండి అనుకున్నాను! ‘ప్లేట్’ అంటే పూత అని అప్పటికి నాకు స్ఫురించలేదు. నాలుగింతలు మందంగా వేసిన పూత, అంతే. కొట్టువాడు అబద్ధం చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటికొచ్చి తోమితే మూత అంచున, పిడి కింద, చెయ్యి రాసుకునే చోటల్లా పూత అరిగి కింది లోహం బూడిదరంగులో బయటపడింది. రాగి మీద పూత అయితే అదే చోట గులాబీ రంగు తేలుతుంది. పగటి వెలుగులో తిప్పి చూస్తే పూత అరిగిన చోటు తెలుస్తుంది.

రెండో పాఠం ఇంకా ఖరీదైనది. ‘1847 రోజర్స్ బ్రదర్స్’ అని ముద్ర ఉన్న చెంచాల పెట్టె చూసి నూట డెబ్బై ఏళ్ళ నాటివని మురిసిపోయాను. ఆ 1847 చేసిన ఏడాది కాదు. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో రోజర్స్ సోదరులు విద్యుత్తుతో పూత పూసే పని మొదలుపెట్టిన ఏడాది. ఇరవయ్యో శతాబ్దంలో కూడా అదే అంకె కొడుతూ వచ్చారు. నా పెట్టె మా నాన్నగారి కంటే చిన్నది.

పూత పనికి పేరు పడ్డ ఊరు అదే రాష్ట్రంలోని మెరిడెన్. దాన్ని వెండి నగరం అనేవారు. అక్కడి కంపెనీలు, చుట్టుపక్కలవి కలిసే 1898లో ఇంటర్నేషనల్ సిల్వర్ అయింది. ఆ పేరులో వెండి ఉంది కదా అని మోసపోకండి, వాళ్ళు పూతా చేశారు, స్టెర్లింగూ చేశారు. ఒక్కొక్క వస్తువూ తిరగేసి చూడాల్సిందే.

మేరీలాండ్ మంజరి

నేనూ నవ్వుల పాలైనదాన్నే. బాల్టిమోర్‌లోని కర్క్ అనే వెండి పనివారు చేసిన పంచదార గిన్నె అడుగున ‘11 ఔన్సు’ అని చూసి, తూచి, పదమూడు వచ్చిందని సంబరపడ్డాను. అది బరువు కాదట! వెండి బంగారాలు తూచే పన్నెండు ఔన్సుల ట్రాయ్ పౌనులో పదకొండు ఔన్సులు వెండి అని అర్థం. అంటే వెయ్యికి 917 పాళ్ళు. గిన్నె మాత్రం బంగారం లాంటిది. లోపలి నుంచి సుత్తితో కొట్టి పూలూ ఆకులూ ఉబ్బెత్తుగా లేపిన పని, వేలు పెట్టే ఖాళీ లేదు.

ఎడిసన్‌లో తెనాలి

తూచాను. ఐదూ కలిపి 2,150 గ్రాములు. పళ్ళెం అడుగున ఈపీఎన్‌ఎస్ అని అరిగిపోయిన అక్షరాలు దొరికాయి. బొమ్మ పట్టికలో దొరికింది, 1890ల నాటిది. కూజాల పిడి మొదట్లో, చివర్లో సన్నటి తెల్లటి రింగులు ఉన్నాయి. ప్లాస్టిక్‌లా లేవు. ఏమిటవి?

కంసాలి మనవణ్ణి

ఈపీఎన్‌ఎస్ అంటే మన జర్మన్ సిల్వర్ మీద వెండి పూత. ఇప్పుడు పూజ సామాన్ల కొట్లన్నీ నింపేస్తున్న ఆ జర్మన్ సిల్వరే. అందులో వెండి ఒక్క గింజ ఉండదు, రాగి, నికెల్, జింకు. పళ్ళెం పక్కన పెట్టండి. సెట్టు వెండిది, పళ్ళెం పూతది కావడం చాలా ఇళ్ళలో ఉన్నదే. అంత పెద్ద పళ్ళెం వెండితో చేయిస్తే సెట్టంత ఖర్చు.

2,150 గ్రాములు అంటే ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాముల చొప్పున 69 ఔన్సులు. పాత తులాల్లో 184 పైచిలుకు. అందులో శుద్ధ వెండి రెండు కిలోలకు పదకొండు గ్రాములు తక్కువ. అమ్మగారి లెక్క తప్పేమీ కాదు, కుందులూ కలశమూ కాదు, హారతి పళ్ళెం కూడా వస్తుంది. కాకపోతే కరిగించాక తరుగు పోతుంది, కొత్త వస్తువుకు మజూరీ పడుతుంది. పాతదాని మీద ఎవరో పోసిన మజూరీ ఆవిరైపోతుంది.

బోస్టన్ బాబాయి

ఆ తెల్ల రింగులు ఏనుగు దంతం కావచ్చు. వెండి వేడిని లోహాలన్నిటికంటే వేగంగా పాకించుకుంటుంది. రింగు లేకపోతే మరిగిన కాఫీ పోసిన నిమిషంలో పిడి చురుక్కుమంటుంది. ఒంటికీ పిడికీ మధ్య ఆ చిన్న అడ్డుగోడ పెట్టారు. అందుకే ఈ కూజాలను వేడినీళ్ళలో నానబెట్టకూడదు, గిన్నెలు కడిగే యంత్రంలో అసలే పెట్టకూడదు. దంతం పగులుతుంది.

ఇంట్లో ఉంచుకోవడానికి ఇబ్బంది లేదు. అమ్మాలంటేనే చిక్కు. ఫెడరల్ ప్రభుత్వం 2016లో ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారాన్ని దాదాపు ఆపేసింది. నూరేళ్ళు దాటినవాటికీ, దంతం 200 గ్రాముల లోపు ఉన్న కొన్నింటికీ మినహాయింపులు ఉన్నాయి. మీ న్యూజెర్సీ 2014లోనే అంతకంటే గట్టి చట్టం చేసింది. కాబట్టి ఇండియాకు పెట్టెలో పెట్టి తీసుకెళ్ళే ఆలోచన మానండి. విమానాశ్రయంలో అమ్మగారు ఏనుగు దంతం గురించి సంజాయిషీ ఇచ్చుకోవడం ఊహించుకోండి.

డికాక్షన్

ఎవరూ అసలు ప్రశ్న అడగడం లేదు. కాఫీ పోసి చూశారా?

పొడుగుది కాఫీకి, పొట్టిగా గుండ్రంగా ఉన్నది టీకి. అనుమానం ఉంటే మూత తీసి కొమ్ము మొదలు చూడండి. టీ కూజాలో అక్కడ చిల్లుల జల్లెడ ఉంటుంది, ఆకు ఆపడానికి. నా దగ్గర ఉన్నది టాంటన్ ఊళ్ళో రీడ్ అండ్ బార్టన్ వారు చేసిన పూత సెట్టే. ఆదివారం పొద్దున ఫిల్టరు డికాక్షన్ పొడుగు కూజాలో, మరిగిన పాలు పొట్టి కూజాలో పోసి పెడతాను. వాళ్ళ పాల చెంబు మన కాఫీకి ఏ మూలకూ చాలదు, అందులో నలుగురికి పోసేటన్ని చుక్కలే పడతాయి. ముందు వేడినీళ్ళు తిప్పి ఒంపితే కాఫీ త్వరగా చల్లారదు.

పట్టీల పద్మ

తోమడం గురించి చెప్పండి. మా అత్తగారు విభూతి పెట్టి తోమమంటారు, అమ్మ చింతపండు అంటుంది.

మేరీలాండ్ మంజరి

నగిషీ ఉన్నదాని మీద రెండూ వద్దు పద్మ గారూ. విభూతి మెత్తగా కనిపించినా రాపిడే. ఏటా తోమితే చెక్కిన గీతలు నున్నబడతాయి. పూత సామాను అయితే ఇక చెప్పక్కర్లేదు. అల్యూమినియం కాగితం పరిచి, వంటసోడా వేసి వేడినీళ్ళు పోసే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. మసి పోతుంది, నిజం. పూల మధ్య లోతుల్లో కావాలని వదిలిన నలుపు కూడా పోయి, పనితనం సున్నం కొట్టిన గోడలా తెల్లబోతుంది. నేను ఒకసారి చేసి ఏడ్చాను. వెండి కోసమే అమ్మే క్రీము, మెత్తటి స్పాంజి, గోరువెచ్చటి నీళ్ళు, వెంటనే తుడవడం, అంతే.

మూత ఊడకుండా రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి. రబ్బరులో గంధకం ఉంటుంది. ఇల్లు మారినప్పుడు నేను వేసిన బ్యాండు ఉన్న చోట నల్లటి గీత ఇప్పటికీ కనిపిస్తుంది. గుడ్డు తగిలినా అంతే.

సియాటిల్ సుబ్బారాయుడు

అందరూ ఉంచమనే అంటున్నారు. నేను అమ్మగారి పక్షం. మనవాళ్ళు ఎప్పుడూ కరిగించారు. నానమ్మ కడియాలు కరిగితే అత్త పట్టీలయ్యాయి, అవి కరిగితే మనవరాలి ఉగ్గుగిన్నె అయింది. వస్తువును కాక లోహాన్ని దాచుకున్న జాతి మనది. అందులో తప్పేముంది? అద్దాల బీరువాలో మసి పట్టించుకోవడమే గొప్పా?

బోస్టన్ బాబాయి

సుబ్బారాయుడు గారి మాట కొట్టిపారేయలేను. ఇక్కడివాళ్ళూ కరిగించారు. పాతరోజుల్లో గిన్నెలకు వెండి ఎక్కడిది? నాణేలే. దుకాణానికి డాలర్లు పట్టుకెళ్ళి కూజా చేయించుకునేవారు. అందుకే 900 పాళ్ళ పాత చెంచాల మీద ‘కాయిన్’ అని కనిపిస్తుంది. నెవాడాలో కామ్‌స్టాక్ గని 1859లో బయటపడ్డాక వెండికి కరువు తీరింది. ఆ గనుల్లో కోటీశ్వరుడైన జాన్ మెకే తన గని వెండే పంపి, టిఫనీ వారి చేత 24 మందికి 1,250 వస్తువుల భోజన సామాను చేయించుకున్నాడు. 1878లో పూర్తయింది.

అయితే 1980 జనవరిలో ఔన్సు దాదాపు 50 డాలర్లు పలికినప్పుడు ఇక్కడ టీ సెట్లు బస్తాల లెక్కన మూసల్లోకి పోయాయి. 2025 అక్టోబరులో ధర ఆ గీత దాటింది. బోస్టన్ మ్యూజియంలో కాప్లీ అనే చిత్రకారుడు 1768లో గీసిన, పాల్ రివీర్ అనే వెండి పనివాడి చిత్రం ఉంది. చొక్కా చేతులతో కూర్చుని, నగిషీ చెక్కని టీ కూజా ఎడమ చేతిలో పట్టుకుని, ముందు బల్లమీద చెక్కుడు పనిముట్లతో. ఆ చెక్కబోయేది ఏమిటా అని నేను వెళ్ళినప్పుడల్లా ఆలోచిస్తాను. మంజరి గారి గిన్నె మీద పూలను కరిగించాక ఎవరు తిరిగి లేపుతారు?

సియాటిల్ సుబ్బారాయుడు

మంజరి గారి గిన్నె కరిగించమనలేదు బాబాయి గారూ. పూలు లేని సాదా కూజాల సంగతి చెబుతున్నాను.

డాలస్ పాతసామాను

ఎడిసన్ గారూ, ఆ మూడు అక్షరాల చుట్టూ నోటి ఆవిరి ఊది చూడండి. కింద ఇంకో అక్షరం చెరిపేసిన జాడ ఉంటే తేలుతుంది. చెరిపిన చోట లోహం పలచబడి వేలికి లొట్టగా తగులుతుంది, ధరా పడిపోతుంది. ఇక అవి ఎవరి అక్షరాలంటే, ఆ కాలంలో పెళ్ళికి ఇచ్చిన వెండి మీద తరచు పెళ్ళికూతురి పుట్టింటి పేరు అక్షరాలు చెక్కించేవారు. మన స్టీలు బిందెల మీద చుక్కలు కొట్టించినట్టే.

ఎడిసన్‌లో తెనాలి

ఆవిరి ఊదాను. చెరిపిన జాడ లేదు.

డాలస్ గారి జవాబు అమ్మకు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. కూజా చేతిలోకి తీసుకుని ఆ అక్షరాల మీద బొటనవేలు రాస్తూ, “అయితే ఇది పుట్టింటివాళ్ళు పెట్టిన సారె సామానా?” అంది. అవునేమో అన్నాను. “సారె కరిగిస్తారా ఎవరైనా!” అని నన్నే కసిరింది, కరిగిద్దామన్నది నేనైనట్టు.

ఇవాళ పొద్దున పొడుగు కూజాలో డికాక్షన్ పోశాం. పిడి కాలలేదు. ఐదో గిన్నె ఎందుకో చెబితే “ఛీ, ఎంగిలి గిన్నె!” అని దూరం జరిపింది. మధ్యాహ్నానికి అందులో నీళ్ళు పోసి పెరట్లోని గులాబీ ఒకటి వేసి కిటికీలో పెట్టింది. దేవుడి దగ్గరకు మాత్రం రానివ్వలేదు.

పళ్ళెం ఎవరికైనా కావాలంటే చెప్పండి. పూతదే, ముందే చెబుతున్నాను.