బెంగళూరు తెలుగు డెవలపర్లు: యాప్ రిలీజ్‌ని ఎవరు ఎంతవరకు ఆటోమేట్ చేశారు?

హెచ్ఎస్ఆర్_లేఅవుట్:
మాది చిన్న టీమ్. ఒక ఆండ్రాయిడ్ యాప్, ఒక ఐఓఎస్ యాప్, రెండు వారాలకోసారి రిలీజ్. ఆండ్రాయిడ్ ఎవరో ఒకరు చేసేస్తారు. ఐఓఎస్ బిల్డ్ (కోడ్ నుంచి తయారైన యాప్ ఫైల్) మాత్రం ఒక్క అబ్బాయి ల్యాప్‌టాప్ నుంచే వస్తుంది, దాని మీద డిజిటల్ సంతకానికి కావాల్సిన సర్టిఫికెట్, ప్రైవేట్ కీ రెండూ అతని కీచైన్‌లోనే (మ్యాక్‌లో పాస్‌వర్డ్‌లు, కీలు దాచే చోటు) ఉన్నాయి. సంక్రాంతికి అతను భీమవరం వెళ్తున్నాడు, క్లయింట్‌కి సరిగ్గా ఆ వారంలోనే రిలీజ్ కావాలట. ఆటోమేట్ చేయడానికి మేనేజర్ దగ్గర ఒప్పుకోలు తెచ్చుకున్నా. మూడు విషయాలు చెప్పండి. ఫాస్ట్‌లేన్ (రిలీజ్ పనులు స్క్రిప్టుతో చేసే టూల్) మంచిదా, ఆపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్ క్లౌడా, డబ్బు కట్టే సర్వీసా? కీలు, సర్టిఫికెట్లు ఎక్కడ దాచాలి? ఇంగ్లిష్, హిందీ స్క్రీన్‌షాట్లు ప్రతిసారీ చేత్తో తీస్తున్నాం, దానికి దారేమైనా ఉందా?

మారతహళ్లి_మ్యాక్‌మినీ:
ఆఫీసులో మ్యాక్ మినీ పెట్టి జెంకిన్స్ (బిల్డ్‌లు తనే కట్టే సర్వర్ సాఫ్ట్‌వేర్) నడుపుదామనుకుంటే ముందు కీచైన్ సంగతి తెలుసుకోండి. మ్యాక్ ముందు కూర్చుని కొడితే బిల్డ్ బ్రహ్మాండంగా వస్తుంది. అదే కమాండ్ జెంకిన్స్ నుంచి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) మీద వెళ్తే కోడ్‌సైన్ (యాప్ మీద సంతకం వేసే కమాండ్) దగ్గర ఆగిపోతుంది, లేదంటే ‘ఎర్ర్ సెక్ ఇంటర్నల్ కాంపొనెంట్’ అని ఒకే ఒక్క ముక్క చూపించి చస్తుంది. కారణం ఏ లాగ్‌లోనూ ఉండదు. ఆ సెషన్‌కి కీచైన్ తాళం తీసి ఉండదు, అంతే. కీచైన్‌ని అన్‌లాక్ చేయాలి, తర్వాత ‘సెట్ కీ పార్టిషన్ లిస్ట్’ కమాండ్ ఇచ్చి కోడ్‌సైన్‌కి ఆ కీ వాడుకునే అనుమతి రాసిపెట్టాలి. రెండోది మరిచిపోతే స్క్రీన్ మీద పాస్‌వర్డ్ అడిగే డబ్బా ఒకటి తెరుచుకుని, దాన్ని నొక్కే మనిషి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఫాస్ట్‌లేన్‌లో ‘సెటప్ సీఐ’ అనే యాక్షన్ (రెడీమేడ్ కమాండ్) ఉంది, తాత్కాలిక కీచైన్ తనే తయారుచేసుకుంటుంది. దాన్ని వాడండి.

ఇంకోటి. వానాకాలంలో మన దగ్గర కరెంటు ఎలా పోతుందో తెలుసు కదా. ఆ మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్ చేసి ఉంటే ఆటోమేటిక్ లాగిన్ కుదరదు. కరెంటు వచ్చి మ్యాక్ లేచినా, ఎవరో ఒకరు పాస్‌వర్డ్ కొట్టేదాకా జెంకిన్స్ ఏజెంట్ లేవదు. మంచి యూపీఎస్ కొనండి.

క్యూఏ_అక్క:
టూల్ ఏదైనా పెట్టుకోండి. నా గోడు ఒక్కటే. మేము టెస్ట్ చేసిన బిల్డే స్టోర్‌కి వెళ్లాలి. మా పాత ఆఫీసులో క్యూఏకి, అంటే టెస్ట్ చేసే మాకు, ఒక బిల్డ్ ఇచ్చేవాళ్లు, మేము ఓకే అన్నాక మెయిన్ బ్రాంచ్ నుంచి మళ్లీ ఇంకో బిల్డ్ చేసి పైకి పంపేవాళ్లు. మధ్యలో ఎవరో ఒక లైబ్రరీ పెంచేవారు. పేమెంట్ పేజీ క్రాష్ అయితే మీటింగ్‌లో నిలదీసేది మమ్మల్ని! ప్లే స్టోర్‌లో ఇంటర్నల్ ట్రాక్‌లో (టీమ్ లోపలి టెస్టింగ్ చోటు) ఉన్న బండిల్‌నే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) ప్రొడక్షన్‌కి, అంటే అసలు యూజర్లకి, ప్రమోట్ చేయొచ్చు. ఐఓఎస్‌లో టెస్ట్‌ఫ్లైట్‌లో (ఆపిల్ టెస్టింగ్ సర్వీస్) ఉన్న బిల్డ్‌నే రివ్యూకి పంపొచ్చు. మళ్లీ కంపైల్ చేయాల్సిన పనే లేదు. మీ పైప్‌లైన్‌లో ఈ ఒక్క పద్ధతి పెట్టండి, మీ టెస్టర్లు మీకు దండం పెడతారు. ప్రతి బిల్డ్‌కీ వేరే నంబర్ ఉంటేనే ఇదంతా సాధ్యం.

కడపవాడు:
నంబర్ గురించి అక్క బాగా గుర్తుచేసింది. నేను 2015 నుంచి ఫాస్ట్‌లేన్ వాడుతున్నా. అది ట్విట్టర్ చేతిలో ఉన్నప్పుడు, 2017లో గూగుల్‌కి వెళ్లినప్పుడు, 2023లో మొబైల్ నేటివ్ ఫౌండేషన్ కిందికి వచ్చినప్పుడు, అన్నిటినీ చూసినవాణ్ణి. బిల్డ్ నంబర్‌కి ఒకటే సరైన పద్ధతి, గిట్‌లో (కోడ్ చరిత్ర దాచే టూల్) కమిట్ల లెక్క, అంటే అందులో నమోదైన మార్పుల సంఖ్య. నంబర్ చూడగానే ఏ కమిట్ నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. చేత్తో పెంచే పని లేదు, మర్చిపోయే పని లేదు. వేరే చర్చ అనవసరం.

పాత_ఆండ్రాయిడ్:
అనవసరం ఎట్లవుతుంది? గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ వాళ్ల బిల్డ్ సర్వీస్) చెక్అవుట్ (కోడ్ దించే మెట్టు) డిఫాల్ట్‌గా చివరి ఒక్క కమిట్‌నే తెస్తుంది. అక్కడ మీ లెక్క వేస్తే 1 వస్తుంది. స్టోర్ ఆ బండిల్‌ని మొహాన కొడుతుంది.

కడపవాడు:
ఫెచ్ డెప్త్ 0 పెట్టుకోవాలి, చరిత్ర మొత్తం దిగుతుంది. అది కూడా చెప్పాలా? రిలీజ్ ఇంజినీరింగ్ చేసేవాడికి ఆ మాత్రం తెలిసుండాలి.

పాత_ఆండ్రాయిడ్:
అడిగినాయన మొదటిసారి చేస్తున్నాడు, ఆయనకు చెప్పాలి. సరే, డెప్త్ పెట్టినాం అనుకుందాం. హాట్‌ఫిక్స్ (అర్జెంటు రిపేరు) సంగతి చెప్పండి. ప్రొడక్షన్‌లో ఉన్నది 4210 అనుకోండి. మెయిన్ బ్రాంచ్ ముందుకు పోయింది, 4211 నుంచి 4216 దాకా ఇంటర్నల్ ట్రాక్‌లోకి ఎక్కేసినాయి. ఇప్పుడు 4210 ట్యాగ్ (ఆ కమిట్‌కి పెట్టిన గుర్తు) నుంచి హాట్‌ఫిక్స్ బ్రాంచ్ తీసి ఒక కమిట్ వేస్తే మీ లెక్క 4211. అది ఇదివరకే వాడేసిన నంబర్. అప్‌లోడ్ కాదు. రాత్రిపూట, యాప్ క్రాష్ అవుతున్న సమయంలో, ఊరికే ఖాళీ కమిట్లు వేసుకుంటూ నంబర్ పెంచాలా?

కడపవాడు:
మీ బ్రాంచింగ్ పద్ధతే తప్పు. మెయిన్ ఎప్పుడూ రిలీజ్‌కి సిద్ధంగా ఉంటే హాట్‌ఫిక్స్ బ్రాంచ్ ఎందుకు? ఫీచర్ ఫ్లాగులు (పూర్తికాని ఫీచర్‌ని ఆపి ఉంచే స్విచ్‌లు) వాడండి.

పాత_ఆండ్రాయిడ్:
అందరివీ మీలాంటి టీములు కావు సార్. సర్వీస్ కంపెనీలో క్లయింట్ సంతకం పెట్టిన కోడ్ తప్ప ఒక్క లైన్ ఎక్కువ పోకూడదు. ఆ బాధ పడినవాళ్లకు తెలుస్తుంది. పద్ధతే తప్పు అని తీసిపారేయడం తేలిక.

ఫ్లట్టర్_బెల్లందూర్:
ఇద్దరూ ఆగండి బ్రో. తేదీ, గంట కలిపి నంబర్ చేసుకుంటే ఏ గొడవా లేదు. ఏ బ్రాంచ్ అయినా, ఎప్పుడు కట్టినా పెద్ద నంబరే వస్తుంది.

పాత_ఆండ్రాయిడ్:
తమ్ముడూ, ఆ కథ నాకు బాగా తెలుసు. ప్లే స్టోర్‌లో వెర్షన్ కోడ్‌కి పైహద్దు 210,00,00,000. మా పాత కంపెనీలో ఒక కన్సల్టెంట్ వచ్చి సంవత్సరం రెండంకెలు, నెల, తేదీ, గంట, నిమిషం కలిపి పది అంకెల నంబర్ పెట్టించి పోయినాడు. 2020 డిసెంబర్ 31 రాత్రి దాకా బాగానే నడిచింది. 20తో మొదలయ్యే నంబర్ కాబట్టి హద్దు లోపలే ఉంది. జనవరి 1 రాగానే 2101తో మొదలైంది, హద్దు దాటింది. బిల్డ్ ఎక్కదు. పోనీ చిన్న నంబర్‌కి వెనక్కి పోదామంటే, పాత వెర్షన్ వాడుతున్నవాళ్లకు అప్‌డేట్ పోవాలంటే కోడ్ పెద్దదే కావాలి. ప్యాకేజీ పేరు మారిస్తే కొత్త యాప్ కిందే లెక్క, యూజర్లంతా పోతారు. చివరికి ఆఖరి నంబర్‌కి ఒకటి చొప్పున కలుపుకుంటూ పోతున్నారు, ఈరోజుకీ.

ఫ్లట్టర్_బెల్లందూర్:
సంవత్సరం నాలుగంకెలు, నెల, తేదీ, గంట వరకే పెడితే 2099 దాకా హద్దు లోపలే ఉంటుంది అన్నా. నేను పెట్టింది అదే.

పాత_ఆండ్రాయిడ్:
ఒక గంటలో రెండు బిల్డ్‌లు కట్టాల్సి వస్తే?

కడపవాడు:
చూశారా, అందుకే కమిట్ల లెక్క అన్నది.

క్యూఏ_అక్క:
బాబూ, నంబర్ ఒకదానికొకటి తగలకుండా, పెరుగుతూ ఉంటే చాలు. స్టోర్‌నే అడిగి, అన్ని ట్రాకుల్లో పెద్ద నంబర్ ఏదో తెలుసుకుని ఒకటి కలిపితే పోతుంది. ఫాస్ట్‌లేన్‌లో రెండు స్టోర్లకీ దానికి యాక్షన్లు ఉన్నాయి. ఐఓఎస్‌లో అయితే వెర్షన్ మారినప్పుడు బిల్డ్ నంబర్ మళ్లీ 1 నుంచి మొదలుపెట్టినా ఒప్పుకుంటుంది. నేను చెప్పిన అసలు సంగతి వదిలేసి నంబర్ మీద కొట్టుకుంటున్నారు. టెస్ట్ చేసిన బిల్డ్‌నే పంపుతున్నవాళ్లు ఇక్కడ ఎంతమంది? ఒక్కరైనా చెప్పండి.

ఫ్లట్టర్_బెల్లందూర్:
నేను పంపుతున్నా అక్కా. ప్రమాణంగా.

వైట్‌ఫీల్డ్_సెక్యూరిటీ:
కీలు ఎక్కడ దాచాలి అన్న ప్రశ్నకు ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పలేదు. నాకు అదే ముఖ్యం.

యాప్ స్టోర్ కనెక్ట్ (ఆపిల్‌కి యాప్‌లు పంపే సైట్) ఏపీఐ కీ తీసుకోండి, దాంతో స్క్రిప్టే మనిషి లేకుండా లాగిన్ అవుతుంది. మనిషి ఆపిల్ ఐడీతో లాగిన్ చేయిస్తే టూ ఫ్యాక్టర్ కోడ్ ఎవరి ఫోన్‌కి వస్తుందో, వాళ్లు ఊళ్లో ఉంటేనే రిలీజ్. భీమవరం సమస్య మళ్లీ మొదటికి వస్తుంది. ఆ కీ ఉండే పీ8 ఫైల్ ఒక్కసారే డౌన్‌లోడ్ అవుతుంది, దిగిన వెంటనే సీక్రెట్ మేనేజర్‌లో పెట్టండి. ఎవరి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనూ, ఏ వాట్సాప్ గ్రూప్‌లోనూ ఉండకూడదు.

సర్టిఫికెట్లకు ఫాస్ట్‌లేన్‌లోని ‘మ్యాచ్’ అనే టూల్. ఎన్‌క్రిప్ట్ చేసి ప్రైవేట్ రిపోలో పెడుతుంది. సీఐలో (బిల్డ్ సర్వర్‌లో) మాత్రం తప్పకుండా రీడ్ ఓన్లీ పెట్టండి, లేకపోతే బిల్డ్ సర్వర్ కొత్త సర్టిఫికెట్లు పుట్టిస్తూ పోతుంది, వాటి సంఖ్యకు హద్దు ఉంది. డిస్ట్రిబ్యూషన్ సర్టిఫికెట్ ఏడాదికి ముగుస్తుంది, నెల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. అది ముగిసినా స్టోర్‌లో ఉన్న యాప్‌కి ఏమీ కాదు, కొత్త బిల్డ్ మాత్రం పోదు.

ఆండ్రాయిడ్‌కి సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక స్క్రిప్టుకి ఇచ్చే గూగుల్ అకౌంట్) చేసి, ప్లే కన్సోల్‌లో దానికి టెస్టింగ్ ట్రాకుల అనుమతి మాత్రమే ఇవ్వండి. ప్రొడక్షన్ అనుమతి మనుషులకే ఉండాలి. నేను చూసిన టీముల్లో సగం ఆ అకౌంట్‌కి అడ్మిన్ ఇచ్చేసి, దాని కీ ఉన్న జేసన్ ఫైల్‌ని కోడ్‌తోపాటే కమిట్ చేసేశాయి. తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. కోపం రాకుండా ఎలా ఉంటుంది?

కడపవాడు:
ప్రొడక్షన్ కూడా ఆటోమేటిక్‌గా పోకపోతే ఇక ఆటోమేషన్ ఎందుకు? మాది ట్యాగ్ వేస్తే చాలు, 5 శాతం యూజర్లకు తనే వెళ్లిపోతుంది.

వైట్‌ఫీల్డ్_సెక్యూరిటీ:
వెబ్ అయితే మీ మాట ఒప్పుకుంటా, నిమిషంలో వెనక్కి తిప్పొచ్చు. ఫోన్‌లోకి ఎక్కిన యాప్‌ని వెనక్కి లాగలేం. ప్లే స్టోర్‌లో రోలౌట్ (విడతలవారీ విడుదల) ఆపితే కొత్తవాళ్లకు ఆగుతుంది, అప్పటికే వచ్చినవాళ్ల దగ్గర ఆ చెడ్డ వెర్షనే ఉంటుంది. యాప్ స్టోర్‌లో ఫేజ్డ్ రిలీజ్ ఏడు రోజుల్లో 1, 2, 5, 10, 20, 50, 100 శాతం చొప్పున ఆటోమేటిక్ అప్‌డేట్లకే వర్తిస్తుంది. స్టోర్ తెరిచి అప్‌డేట్ నొక్కినవాడికి మొదటి రోజే వచ్చేస్తుంది. అందుకే చివరి బటన్ మీద మనిషి వేలు ఉండాలంటాను. ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను.

పాత_ఆండ్రాయిడ్:
వందకి వంద శాతం ఒప్పుకుంటున్నా. శుక్రవారం సాయంత్రం ట్యాగ్ వేసి మడివాళలో బస్సెక్కేవాళ్లను చూసినా. హోసూరు దాటేలోగా ఫోన్లు మోగుతాయి.

అనంతపురం_బస్సు:
బస్సు అన్నారు కాబట్టి అడుగుతున్నా. సంక్రాంతికి మడివాళ నుంచి టికెట్ దొరికినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రేట్లు చూస్తే గుండె ఆగుతోంది. రైలు వెయిటింగ్ లిస్టే.

ఫ్లట్టర్_బెల్లందూర్:
ఏపీఎస్ఆర్టీసీ స్పెషల్ బస్సులు వదులుతారు, వాళ్ల సైట్ చూస్తూ ఉండండి. ఇక్కడ వద్దు బ్రో, చర్చ పక్కదారి పడుతోంది.

తెనాలి_రీనా:
తెలుగులో రిలీజ్ నోట్స్ పెట్టేవాళ్లకు ఒక మాట. ప్లే స్టోర్‌లో తెలుగు లిస్టింగ్ ఉంది, ఫాస్ట్‌లేన్ మెటాడేటాలో టీఈ-ఐఎన్ ఫోల్డర్‌లో చేంజ్‌లాగ్ ఫైల్ పెడితే తనే ఎక్కిస్తుంది. మా ల్యాప్‌టాప్‌లలో చక్కగా పోయేది, బిల్డ్ సర్వర్‌లో మాత్రం ‘ఇన్వాలిడ్ బైట్ సీక్వెన్స్ ఇన్ యూఎస్ ఆస్కీ’ అని ఆగిపోయేది. తెలుగు తీసేసి ఇంగ్లిష్ పెడితే పోయేది. ఇక తెలుగు వద్దులే అని టీమ్‌లో తీర్మానం కూడా అయిపోయింది. నేను పట్టుబట్టి కూర్చుని చూస్తే, ఆ సర్వర్‌లో లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) సెట్ చేసి లేదు. ఎల్‌సీ ఆల్‌నీ, లాంగ్‌నీ యూటీఎఫ్-8కి మార్చగానే మొత్తం సాఫీగా పోయింది. ఫాస్ట్‌లేన్ డాక్యుమెంటేషన్‌లో మొదటి పేజీల్లోనే రాసి ఉంది ఇది. మా యూజర్లలో రైతులు ఎక్కువ, కొత్తగా ఏం వచ్చిందో వాళ్లు తమ భాషలో చదువుతున్నారంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. నోట్స్‌కి హద్దు 500 అక్షరాలు, క్లుప్తంగా రాయండి.

హెచ్ఎస్ఆర్_లేఅవుట్:
అందరికీ థ్యాంక్స్. మ్యాచ్, ఏపీఐ కీ పెట్టేస్తున్నా. టెస్ట్‌ఫ్లైట్ దాకా ఆటోమేటిక్, రివ్యూకి పంపేది మనిషి. డబ్బు లెక్క ఎవరూ చెప్పలేదు. స్క్రీన్‌షాట్ల గురించి కూడా.

మారతహళ్లి_మ్యాక్‌మినీ:
డబ్బు నేను చెప్తా. గిట్‌హబ్ ప్రైవేట్ రిపోల్లో ఉచిత కోటా నుంచి మ్యాక్ నిమిషం ఒకటి వాడితే 10 నిమిషాలు తరుగుతాయి. 2000 నిమిషాల కోటా అంటే మ్యాక్ మీద 200. పాడ్స్ (ఐఓఎస్ లైబ్రరీలు) కాష్ చేయకపోతే రెండు వారాలు కూడా రాదు. ఎక్స్‌కోడ్ క్లౌడ్ అయితే డెవలపర్ మెంబర్‌షిప్‌తోపాటే నెలకు 25 గంటలు వస్తుంది, సైనింగ్ కూడా అదే చూసుకుంటుంది. ఐఓఎస్ ఒక్కటే ఉంటే అదే చాలు. మీకు ఆండ్రాయిడ్ కూడా ఉంది కాబట్టి రెండింటికీ ఒకే ఫాస్ట్‌లేన్ రాసుకోవడం మేలు. జెమ్‌ఫైల్‌లో ఫాస్ట్‌లేన్ వెర్షన్ కట్టిపడేసి, ఎప్పుడూ బండిల్ ఎగ్జెక్‌తోనే (ఆ వెర్షన్‌నే నడిపే కమాండ్) నడపండి.

కొత్త_డెవ్:
నాది పర్సనల్ అకౌంట్, కొత్త ఆండ్రాయిడ్ యాప్. మొదటి రిలీజ్ నుంచే ఆటోమేట్ చేయొచ్చా?

పాత_ఆండ్రాయిడ్:
కుదరదు తమ్ముడూ. మొదటి బండిల్ కన్సోల్‌లోకి వెళ్లి చేత్తోనే ఎక్కించాలి, తర్వాతే ఫాస్ట్‌లేన్ పనిచేస్తుంది. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ అకౌంట్ అయితే ప్రొడక్షన్‌కి అడగాలంటే ముందు క్లోజ్డ్ టెస్ట్‌లో 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు ఉండాలి. మొదట్లో 20 మంది అనేవాళ్లు, 2024 డిసెంబర్‌లో తగ్గించారు. ఇక్కడే అడుగు, నేనూ చేరతా.

క్యూఏ_అక్క:
నన్నూ వేసుకో. బగ్‌లు మాత్రం నిజంగానే రాస్తా.

తెనాలి_రీనా:
హెచ్ఎస్ఆర్ గారూ, స్క్రీన్‌షాట్లకు ఐఓఎస్‌లో ‘స్నాప్‌షాట్’, ఆండ్రాయిడ్‌లో ‘స్క్రీన్‌గ్రాబ్’ వాడండి. రెండూ మీ యూఐ టెస్టులనే ఒక్కో భాషలో నడిపి ఫొటోలు తీస్తాయి. డేటా మాత్రం సర్వర్ నుంచి రానివ్వకండి, నకిలీ డేటా యాప్‌లోనే పెట్టండి, లేకపోతే నెట్ నెమ్మదైనప్పుడల్లా లోడింగ్ చక్రం ఫొటోలో పడుతుంది. స్నాప్‌షాట్‌లో స్టేటస్ బార్ ఓవర్‌రైడ్ ఆన్ చేస్తే టైమ్ 9:41, బ్యాటరీ ఫుల్ చూపిస్తుంది. ప్రతి రిలీజ్‌కీ తీయక్కర్లేదు. డిజైన్ మారినప్పుడు నడిపితే చాలు.

కడపవాడు:
టెస్ట్‌ఫ్లైట్‌కి పోయిన ప్రతి బిల్డ్‌కీ ఎగుమతి నిబంధనల ప్రశ్న అడుగుతూ ‘మిస్సింగ్ కంప్లయన్స్’ అని ఆగుతుంది, అది ఎవరూ చెప్పలేదు. మీ యాప్‌లో మామూలు హెచ్‌టీటీపీఎస్ తప్ప వేరే ఎన్‌క్రిప్షన్ లేకపోతే ఇన్ఫో పీలిస్ట్‌లో (యాప్ సెట్టింగుల ఫైల్) ‘ఐటీఎస్ యాప్ యూజెస్ నాన్ ఎగ్జెంప్ట్ ఎన్‌క్రిప్షన్’ని నో అని పెట్టేయండి. ఇక అడగదు. నంబర్ విషయంలో మాత్రం నా మాట అదే.

పాత_ఆండ్రాయిడ్:
నాదీ అదే.