కన్నప్ప కొండ కింద టికెట్ పూజ: మనసుంటే చాలదా?

చింతచిగురు:
అత్తగారి మాట కాదనలేక మొన్న శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాం. వరసగా కూర్చోబెట్టారు. ముందు మినుములు, ఉలవలు, చిన్న వెండి పడగలు రెండు. మైకులో "ఇప్పుడు పూలు వేయండి" అనగానే అందరం వేశాం. కాసేపటికి లేచాం. బయటికొస్తే పక్కనే కన్నప్ప కొండ. నోటి నీళ్లతో అభిషేకం చేసి, మాంసం రుచి చూసి పెట్టిన బోయవాడిది ఆ కొండ. మనకేమో టికెట్టును బట్టి పూజ. ఈ తంతు ఎందుకండీ?

పాత పంచాంగం:
తిన్నడు (కన్నప్ప అసలు పేరు అదే) ఇంట్లో కూర్చుని శివుణ్ణి తలుచుకున్నాడా? రోజూ వేటాడి, కాల్చి, మెత్తటి ముక్కలు ఏరి, జుట్టులో పూలు దోపుకుని వచ్చాడు. చేతులు ఖాళీ లేకే కదా నీళ్లు నోట్లో పట్టుకున్నది! అదీ తంతే, మంత్రం లేదంతే. శివరాత్రి బ్రహ్మోత్సవాలకు మొదటి ధ్వజారోహణం జరిగేది ఆ కొండ మీదే. మంత్రం రానివాడికి మంత్రాలతో జెండా ఎత్తుతున్నారు.

ఉలవచారు:
పూజారి సంగతి వదిలేశారేం? పొద్దున్నే వచ్చి ఆ మాంసం ఊడ్చి, శుద్ధి చేసి మళ్లీ మొదలెట్టేవాడు. స్వామి కంట్లో రక్తం కారితే కన్ను పీకిచ్చింది మాత్రం ఆయన కాదు.

నాలుగో మెట్టు:
ఊరి పేరులో ఉన్నవాళ్లను మరిచారు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు. పాము మణులు పెడితే ఏనుగు వాటిని తోసేసి, నీళ్లు పోసి మారేడాకులు పెట్టేది. ఇద్దరి భక్తికీ వంక లేదు. చివరికి పాము తొండంలో దూరింది, రెండూ చచ్చాయి. (మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి కమిటీ గుర్తొస్తోంది.) కాబట్టి మనసు మంచిదైతే పద్ధతి గొడవ ఉండదనుకోవడం ఉత్త మాట. నాకు తేడాగా అనిపించేది ఇంకొకటి. తిన్నడు స్వామికేమైందోనని కంగారుపడ్డాడు. మనం మనకేమవుతుందోనని టికెట్ కొంటాం.

చింతచిగురు:
నా మటుకు అది నిజమే. అత్తగారి విషయంలో చెప్పలేను. ఉలవలు వేళ్లతో కెలుకుతూ, "మీ మామగారూ నేనూ ఇలాగే కూర్చున్నాం ఒకసారి" అన్నారు. ఆ టైములో నేను కారు ఎక్కడ పెట్టామా అని ఆలోచిస్తున్నా.