సమస్య: పండితుని పేరు మొద్దుల పాలఁ బడెను

పృచ్ఛకుడు: ఈ వారం సమస్యగా తేటగీతి అనే పద్యరూపంలో చివరి పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీవి. చేతకానివాణ్ని, చదువు రానివాణ్ని తిట్టే ఇంగ్లిష్ మాటలు, వాటి పుట్టుక వస్తువుగా పూరించండి.

మొదటి పూరణ:

తర్కమున దిట్ట డన్సను దార్శనికుఁడు
సూక్ష్మబోధకుఁ డను కీర్తి చూరగొనియె;
శిష్యులను లోక మెగతాళి చేయఁ జేయ
పండితుని పేరు మొద్దుల పాలఁ బడెను.

బడిలో చదువురాని పిల్లవాణ్ని ‘డన్స్’ అంటారు కదా. ఆ మాట జాన్ డన్స్ స్కోటస్ అనే ఫ్రాన్సిస్కన్ క్రైస్తవ శాఖ సన్యాసి పేరు. 1308లో పోయారు. 16వ శతాబ్దంలో కొత్త చదువుల వాళ్లు, ఆయన పద్ధతి వదలని వారిని ఆ పేరుతోనే వెక్కిరించారు. ఆయన చేసిన తప్పేమీ లేదు.

పృచ్ఛకుడు: ఎత్తుగడ చాలా బాగుందమ్మా. ఒక్క దోషం. ‘చేయ’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉన్న మాట, కాబట్టి తర్వాతి పకారం సరళమై ‘బండితుని’ కావాలి. సమస్యను మార్చకూడదు కనుక మూడో పాదం చివర ‘చేసె నయ్యొ’ అనండి.

మొదటి కవయిత్రి: సవరించుకున్నాను మాస్టారూ. ‘అయ్యొ’ చేరాక నా మనసులో బాధ కూడా పద్యంలోకి వచ్చింది.

రెండో పూరణ:

వీధి గోడకు వేలాడు పేరుపలక
గాలివానకుఁ దెగి జారి కట్టెలందు
చెక్కయై చేరెఁ జూడుఁడు చిత్ర మిదియ
పండితుని పేరు మొద్దుల పాలఁ బడెను.

పృచ్ఛకుడు: మొద్దుకు దుంగ అనే అర్థం పట్టుకున్నారు, భేష్. కానీ ఇచ్చిన వస్తువు వదిలేశారండీ.

ఒక సభ్యుడు: నాకలా అనిపించలేదు. పట్టుకున్నదల్లా జారవిడిచేవాణ్ని అమెరికాలో ‘క్లట్జ్’ అంటారు. అది యూదుల భాష యిద్దిష్ నుంచి వచ్చిన మాట, అసలు అర్థం కొయ్యదిమ్మ. జర్మన్‌లో ‘క్లోట్జ్’ అన్నా అదే. మన ‘మొద్దు’కూ అవే రెండు అర్థాలు! ‘క్లమ్‌జీ’ దారి వేరు. చలికి కొయ్యబారిపోవడం అనే పాత మాట దాని మూలం. పుష్యమాసంలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి చొక్కా గుండీలు పెట్టుకోబోతే వేళ్లు మాట వినవు చూడండి, అచ్చంగా ఆ స్థితి.

పృచ్ఛకుడు: ఒప్పుకుంటున్నాను. నా అభ్యంతరం వెనక్కి తీసుకున్నాను.

మూడో పూరణ:

కన్న దొక నేల, పెంచిన గడ్డ వేఱు,
చదువు చెప్పిన దొక సీమ, చావు పిదప
గోరి గట్టిన దొక వీడు, ఘోర మకట!
పండితుని పేరు మొద్దుల పాలఁ బడెను.

స్కాట్లండ్ కన్నది, ఇంగ్లండ్ చేరదీసింది, ఫ్రాన్స్ నేర్పింది, జర్మనీ నగరం కొలోన్ ఉంచుకుంది అని డన్స్ సమాధి మీది లాటిన్ మాటల సారం. దాన్నే పద్యం చేశాను. 1535లో ఆక్స్‌ఫర్డ్ తనిఖీకి వెళ్లిన రాజోద్యోగి ఒకరు, అక్కడి న్యూ కాలేజీ ముంగిలంతా డన్స్ గ్రంథాల చిరిగిన ఆకులే, గాలికి మూలమూలకీ ఎగురుతున్నాయని ఉత్తరం రాశాడు. అది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

పృచ్ఛకుడు: ఈ వారం నా మనసు దీనికే. యతులు నిర్దుష్టం. ‘వీడు’ అంటే పట్టణమని ఇప్పుడు చాలామందికి తట్టదు, ‘వాడు వీడు’లోని వీడనుకుంటారు. ‘దొక యూరు’ అంటే గణం చెడదు, అర్థమూ సులువు.

మూడో కవి: అలాగే మార్చాను గురువుగారూ. ‘గోరి గట్టిన దొక యూరు; ఘోర మకట!’