నెల నిండని పాపను రాత్రి ఎక్కడ పడుకోబెట్టాలి? ఇంట్లో తలో మాట

కూకట్‌పల్లి బాలింత:
మొన్న ఇరవై ఒకటో రోజున పాపను ఉయ్యాలలో వేశాం. అప్పటి నుంచి రాత్రి పాప ఎక్కడ పడుకోవాలన్న దాని మీద ఇంట్లో రోజూ గొడవే. మా అమ్మ నా పక్కలోనే వేసుకోమంటుంది. అత్తగారు ఇనుప స్టాండుకు పాత నూలు చీర కట్టి ఉయ్యాల వేశారు. అందులో అయితే పాప గంటల తరబడి కదలకుండా పడుకుంటుంది. మావారు అమెరికాలో ఉన్న మా ఆడపడుచు మాట విని చెక్క తొట్టి కొన్నారు. చుట్టూ కటకటాలు, గట్టి పరుపు, దిండు లేదు, దుప్పటి లేదు. అందులో వేసిన పది నిమిషాలకే గుక్కపట్టి ఏడుస్తుంది. పిల్లల డాక్టరు గారిని అడిగితే "పక్కలో మాత్రం వద్దమ్మా" అని ఒక్క మాట చెప్పి తర్వాతి వాళ్లను పిలిచారు. మాకు ఉన్నవి రెండే పడకగదులు. ఒకటి మాది, రెండోదాంట్లో అమ్మ, అత్తగారు. మావారికి ఉదయం షిఫ్టు. మీ ఇళ్లలో ఎలా చేశారో చెప్పండి.

అమలాపురం అమ్మమ్మ:
తల్లీ, దీనికి ఇంత ఆలోచన ఎందుకు? తొమ్మిది నెలలు కడుపులో ఒదిగి ఉన్న బిడ్డను నెలైనా నిండకుండా కటకటాల వెనక పెడితే ఏడవక ఏం చేస్తుంది? మా ఇళ్లలో బాలింత మంచం గోడవారగా వేసేవాళ్లం. గోడవైపు బిడ్డ, ఇవతల తల్లి, కింద చాప మీద అమ్మమ్మ. పొత్తిళ్లలో బిడ్డ కాస్త మూలిగితే చాలు, తల్లి ఇటు తిరిగి పాలిచ్చేది. పగలంతా చీర ఉయ్యాల, రాత్రి తల్లి పక్క. నేను ముగ్గురిని అలాగే పెంచాను. మీ అమ్మగారు చెప్పిందే సరి.

డాలస్ నాన్న:
అమ్మమ్మగారూ, మన్నించాలి. ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. అక్కడి పిల్లల డాక్టర్ల సంస్థ, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022లో స్పష్టంగా చెప్పింది: కనీసం మొదటి 6 నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే పడుకోవాలి, అయితే వేరే పక్క మీద. గట్టిగా, చదునుగా ఉన్న పరుపు, బిడ్డ వెల్లకిలా, చుట్టూ మెత్తనివేవీ ఉండకూడదు. ఒక్క అమెరికాలోనే నిద్రలో చనిపోయే పసిబిడ్డలు ఏటా సుమారు 3,500 మంది. తొట్టి కొన్న ఆ భర్తను అభినందించాలి. ఏడుపు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. ఇందులో వాదనకు చోటే లేదు.

ఓరుగల్లు కోడలు:
మా ఊళ్లో అందరం తల్లి పక్కలో పెరిగినవాళ్లమే. ఎవరికీ ఏమీ కాలేదు.

రెండో కాన్పు:
ఆవాల దిండు సంగతి ఎవరూ చెప్పలేదు. తొట్టిలో దిండు వద్దంటే తల వెనక చపటగా అయిపోతుంది కదా? మా పెద్దవాడికి అలాగే అయింది.

పసిపిల్లల వార్డు నర్సు:
నేను నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పని చేస్తాను. ముందు చీర ఉయ్యాల గురించి. మనం చూసి మురిసిపోయే ఆ గాఢనిద్రే నన్ను భయపెడుతుంది. నెలలోపు బిడ్డకు మెడ నిలవదు, తల బరువు ఎక్కువ. చీర మధ్యలోకి కుంగినప్పుడు వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. ఆ పసి ఊపిరిగొట్టం మెత్తగా ఉంటుంది, మెడ వంగితే సన్నబడిపోతుంది. ఊపిరి అందకపోయినా అంత చిన్న బిడ్డ ఏడవలేదు, తల ఎత్తలేదు. బయటి నుంచి చూసేవాళ్లకు హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. అమెరికాలో 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే పసిపిల్లల పడకల అమ్మకాన్ని 2022లో చట్టం చేసి ఆపేశారు. పగలు ఎవరైనా పక్కనే కూర్చుని, గడ్డం కిందికి వంగకుండా చూస్తూ కాసేపు ఊపితే సరే. రాత్రంతా అందులో వదలకండి.

వెల్లకిలా పడుకోబెట్టమని ఎందుకంటామో కూడా చెబుతాను. 1992లో అమెరికా పిల్లల డాక్టర్లు బోర్లా పడుకోబెట్టవద్దన్నారు, 1994లో దాని మీద పెద్ద ప్రచారం జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ ఉయ్యాల ఈడు పిల్లల హఠాన్మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఖర్చు లేని పని అది.

రెండో కాన్పు గారికి: ఆవాల దిండైనా, దూది దిండైనా వద్దు. ఒక రాత్రి తల కుడికి, మరో రాత్రి ఎడమకు తిప్పి పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లముందు కాసేపు బోర్లా వేయండి. తల గుండ్రంగానే వస్తుంది.

అమలాపురం అమ్మమ్మ:
చీర ఉయ్యాల ప్రమాదమా? తరతరాలుగా ఆ చీరలోనే కదమ్మా ఈ జాతి పెరిగింది? పొలం గట్టున చెట్టుకొమ్మకు చీర కట్టి, బిడ్డను అందులో వేసి నాట్లు వేసిన ఆడవాళ్లు బిడ్డలను పెంచలేదా? తల్లి కట్టి విడిచిన చీరలో తల్లి వాసన ఉంటుంది. బిడ్డకు అదే ధైర్యం. వచ్చి ఉయ్యాలను డిగ్రీల్లో కొలుస్తున్నారు.

డాలస్ నాన్న:
తరతరాల సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1,000 మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020కి అది 28కి దిగింది. "ఏమీ కాలేదు" అని చెప్పడానికి మిగిలినవాళ్లే కదా మాట్లాడుతున్నారు!

పసిపిల్లల వార్డు నర్సు:
డాలస్ నాన్న గారూ, ఆ లెక్కను ఇక్కడికి తేవద్దు. ఆనాటి పిల్లల్లో ఎక్కువ మంది పోయింది విరేచనాలతో, నిమ్మోనియాతో, ధనుర్వాతంతో, నెలలు నిండకుండా పుట్టడంతో. తల్లి పక్క వల్ల కాదు. టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక ఆ అంకె తగ్గింది. నా మాటను బలపరచడానికైనా సరే, తప్పు లెక్క ఒప్పుకోను.

పాలిచ్చే తల్లి:
నర్సు గారూ, ఆ మాట అన్నందుకు సంతోషం. మరి రెండో వైపు కూడా చెప్పండి. తల్లిపాల మీద పనిచేసే డాక్టర్ల సంస్థ, అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్, 2020లో ఏమంది? పాలిచ్చే తల్లులందరికీ "పక్కలో వద్దు" అని గంపగుత్తగా చెప్పకండి, ఎప్పుడు ప్రమాదమో విడమరిచి చెప్పండి అంది. జేమ్స్ మెకెన్నా అనే మానవశాస్త్రవేత్త నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి తల్లీబిడ్డల నిద్రను గమనించాడు. పాలు తాగే బిడ్డ పక్కన ఉంటే తల్లి బిడ్డ వైపు తిరిగి, మోకాళ్లు ముడిచి పడుకుంటుంది, మాటిమాటికీ మెలకువ వస్తుంది. మీ ఆసుపత్రుల్లోనే తక్కువ బరువు పిల్లలను తల్లి గుండెల మీద కడతారు కదా. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి అది. వార్డులో అమృతమైనది ఇంటికి రాగానే విషం ఎలా అవుతుంది?

పసిపిల్లల వార్డు నర్సు:
మీరు చెప్పిన ఆ గుండెల మీద కట్టే పద్ధతిని, కంగారూ పద్ధతిని, నేను రోజూ చేయిస్తాను. ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలకు పుట్టిన వెంటనే అది మొదలుపెడితే నెలలోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో తేలింది. ఆ పరిశోధనలో మన దేశం కూడా ఉంది. కానీ అక్కడ తల్లి వెనక్కి ఆనుకుని ఉంటుంది, బిడ్డను నిటారుగా గుడ్డతో కట్టి, మెడ పక్కకు తిప్పి ఉంచుతాం. ఊపిరి, రంగు చూసేవాళ్లం పక్కనే ఉంటాం. అర్ధరాత్రి మెత్తటి పరుపు మీద, రగ్గుల మధ్య పడుకోవడం వేరు.

అమ్మమ్మగారు చెప్పిన గోడవార మంచం కూడా వద్దు. గోడకూ పరుపుకూ మధ్య సందులోకి బిడ్డ జారుతుంది. ఒక తెల్లవారుజామున ఇద్దరు తల్లిదండ్రులు పక్కలో పడుకోబెట్టుకున్న బిడ్డను మా దగ్గరికి ఎత్తుకొచ్చారు. ఆ తల్లి చేతిలోంచి బిడ్డను తీసుకున్నది నేనే. అప్పటికే ఒళ్లు చల్లబడింది. ఇంతకంటే రాయలేను.

అమలాపురం అమ్మమ్మ:
ఆ తల్లి కడుపుకోత పగవాళ్లకు కూడా వద్దు. కానీ ఆ ఒక్కటి చూపించి అందరి చేతుల్లోంచి బిడ్డలను లాక్కుంటే ఎలా? మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మాయి పురుటికి నేనూ అమెరికా వెళ్లాను. వంట చేశాను, కాయం ఉండలు కట్టాను, గిన్నెలు తోమాను. బిడ్డను మాత్రం రాత్రి నా చేతికి ఇచ్చేవాళ్లు కాదు. ఎత్తుకుని కునుకు తీస్తానని అల్లుడికి భయం. తలుపు వేసుకునేవాళ్లు. బిడ్డ లోపల ఏడుస్తుంటే నేను హాల్లో ఫోనులో కెమెరా బొమ్మ చూస్తూ కూర్చున్నాను. గడియ వేసిన తలుపు ఇవతల! అదేనా మీరు చెప్పే భద్రత?

డాలస్ నాన్న:
అదిగో, అసలు విషయం బయటికి వచ్చింది. మీకు కావలసింది బిడ్డ భద్రత కాదు, మీ పెద్దరికం. మా అత్తగారూ ఇంతే. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తొట్టిలో రెండు దిండ్లు, మీద బొంత. తీసేస్తే మా ఆవిడ దగ్గర ఏడుపు. మా గదిలోనే పరుపు వేసుకున్నారు. నా బిడ్డను నేను రాత్రి ఎత్తుకుంటే "మగవాడివి, నీకు చేతకాదు" అని లాక్కునేవారు. తండ్రి డబ్బు తేవాలి, తొట్టి కొనాలి, తర్వాత పక్కకు తప్పుకోవాలి, అంతేనా?

అమలాపురం అమ్మమ్మ:
నోరు అదుపులో పెట్టుకో బాబూ. నీ తల్లి వయసుదాన్ని.

నిర్వాహకుడు:
వ్యక్తిగత విమర్శలు వద్దు. ప్రశ్న అడిగిన ఆవిడ ఇంకా ఇక్కడే ఉన్నారు.

పసిపిల్లల వార్డు నర్సు:
అవును, ఇంతసేపటికీ ఆవిడను ఎవరం ఏమీ అడగలేదు. కూకట్‌పల్లి బాలింత గారూ, రాత్రి పాలు ఎక్కడ ఇస్తున్నారు? పాప పుట్టినప్పుడు బరువు ఎంత? ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?

కూకట్‌పల్లి బాలింత:
నెలలు నిండే పుట్టింది, రెండున్నర కిలోల పైనే. సిగరెట్ ఎవరికీ లేదు. రాత్రి పాలు హాల్లో సోఫా మీద ఇస్తున్నాను. గదిలో ఇస్తే మావారికి నిద్ర చెడుతుంది. మంచం మీద పడుకుని ఇవ్వవద్దని డాక్టరు మాట. అమ్మ లేస్తే అత్తగారు కూడా లేచి మళ్లీ వాదన మొదలవుతుంది. అందుకే లైటు వేయకుండా కూర్చుంటాను. చాలాసార్లు మెలకువ వచ్చేసరికి తెల్లవారుతూ ఉంటుంది. పాప నా చేతికీ సోఫా దిండుకూ మధ్య ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు.

పసిపిల్లల వార్డు నర్సు:
అమ్మా, ఈ రాత్రి నుంచి సోఫా వద్దు. దయచేసి. అన్ని చోట్లలోకీ ఎక్కువ ప్రమాదం అదే. మెత్తగా కుంగుతుంది, వెనక సందు ఉంటుంది, బిడ్డ ముఖం దిండులో కూరుకుపోతుంది. పాలిస్తూ నిద్ర పట్టేస్తుందనిపిస్తే సోఫా కంటే దిండ్లు, రగ్గులు తీసేసిన మంచమే నయమని ఇంతకుముందు డాలస్ నాన్న గారు చెప్పిన ఆ అమెరికా అకాడమీ కూడా రాసింది. ఇంకా నయం, తొట్టి పక్కనే నేల మీద పలుచటి గట్టి పరుపు వేసుకోండి. గోడకు దూరంగా. అక్కడే పాలివ్వండి, మెలకువ రాగానే పాపను తొట్టిలో వెల్లకిలా వేయండి.

పాలిచ్చే తల్లి:
"పక్కలో వద్దు" అని చెప్పి పంపిస్తే తల్లులు వెళ్లేది ఆ సోఫా దగ్గరికే. 2020 మాట నేను ఎత్తింది ఇందుకే. ఇంకో మాట. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లున్నారు, తొట్టి ఉంది, ఉయ్యాల ఉంది. చీకట్లో కూర్చున్నది మాత్రం కుట్లు మానని మనిషి ఒక్కతే. ఆయన నిద్ర చెడకూడదు సరే, ఈవిడ నిద్ర ఎవరిది?

డాలస్ నాన్న:
ఆ భర్త లేవాలి. పాలు ఇవ్వలేడు, కానీ పాలు తాగాక భుజాన వేసుకుని తేనుపు వచ్చేదాకా తిప్పలేడా? గుడ్డ మార్చలేడా? నేను చేశాను. ఈ విషయంలో నా మాట మార్చను.

అమలాపురం అమ్మమ్మ:
తెల్లవారి ఉద్యోగానికి బండి నడుపుకుంటూ వెళ్లేవాడు నిద్ర లేకుండా ఎలా వెళ్తాడు? నేను ఒప్పుకోను. పక్క గదిలో ఇద్దరు పెద్దవాళ్లు ఊరికే పడుకుని ఉన్నారు కదా. మేము వచ్చేది దేనికి? బిడ్డకు పాలు పట్టగానే తల్లిని పడుకోమని, ఆ తేనుపులు, ఆ గుడ్డలు వాళ్లకు అప్పగించండి. తొట్టిలో వేయమంటే తొట్టిలోనే వేస్తాం. చెబితే నేర్చుకోలేనివాళ్లమా? తలుపవతల మాత్రం కూర్చోబెట్టకండి.

కూకట్‌పల్లి బాలింత:
అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చంతా మావారికి చూపించాను. సోఫా సంగతి చదివి చాలాసేపు మాట్లాడలేదు. ఒంటిగంట దాకా తాను చూసుకుంటానన్నారు. అత్తగారు "వాడెందుకు, నేను లేనా" అన్నారు, ఇంకా తెగలేదు. అమ్మ మాత్రం తొట్టి పక్కన నేల మీద పరుపు వేసేసింది. చీర ఉయ్యాల రాత్రి పూట స్టాండు మీదికి చుట్టి పెడతామన్నాను, దానికి అత్తగారు ఊరుకున్నారు.

పసిపిల్లల వార్డు నర్సు:
ఎవరు ఎత్తుకున్నా సరే, కళ్లు మూతలు పడుతున్నాయనిపించగానే పాపను తొట్టిలో వేసి అప్పుడు కునుకు తీయమనండి. అత్తగారికీ, మీ ఆయనకూ ఇదే మాట. తొట్టిలో వేసేముందు పక్కబట్ట మీద మీ చేయి కాసేపు ఆనించండి, చల్లగా తగిలితేనే చాలామంది పిల్లలు లేస్తారు.