సమస్యాపూరణం: “వెలుగు హెచ్చినంత వెండి నలుపె”

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం. ఇంట్లో నాణేల ఫొటోకు పెట్టే దీపాల గురించే పూరించాలి.

మొదటి పూరణ

అద్దమట్లు మెఱయునట్టి నాణెముపైన
తెల్లకాగితంబు దిశల జుట్ట
కటకమొకటె యందు గనుపించ నెదురుగా
వెలుగు హెచ్చినంత వెండి నలుపె

విశ్లేషణ: యతులు కుదిరాయి, ‘మెఱయునట్టి’లో స్వరయతి బాగా పడింది. ప్రూఫ్ నాణెం (అద్దంలా మెరుగుపెట్టి, దాచుకునేవాళ్ల కోసం అచ్చువేసేది) వెల్లకిలా పడుకుంటుంది కాబట్టి చుట్టూ ఉన్న కాగితాన్ని చూడదు, పైనున్న నల్లని లెన్సునే చూస్తుంది. మీ మూడో పాదం సరిగ్గా అదే పట్టింది. దీపం పెంచితే బొమ్మ అంచులు తెల్లబారతాయి, చదును భాగం మరింత నల్లగా తేలుతుంది. ఈ తీరును కోరి తీసేవాళ్లూ ఉన్నారు, దోషమనలేం.

రెండో పూరణ

అడుగు తెలుపు జూచి యంత్రము భయపడి
కాలమింత చేసి కన్ను మూయ
బూడిదయ్యె బొమ్మ పుత్తడైననుగాని
వెలుగు హెచ్చినంత వెండి నలుపె

విశ్లేషణ: షటరును ‘కన్ను మూయ’ అనడం ముచ్చటగా ఉంది. ‘పుత్తడైనను’లో సంధి ఒప్పదు; “పుత్తడి యగుగాక” అనండి, గణాలు చెడవు. అడుగు తెల్లగా ఉంటే కెమెరా వెలుగు ఎక్కువనుకొని షటరును త్వరగా మూసేస్తుంది, నాణెం మసకబారుతుంది. మందు తేలికే: కింద నల్లని లేదా బూడిదరంగు అట్ట వేయండి, లేదా కెమెరాలో ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) +1 పెంచండి. ఫోనులోనైతే నాణెం మీద తాకి, సూర్యుడి గుర్తును పైకి జరపండి.

మూడో పూరణ

వేడి దీపమొకటి వెండిపై బెట్టంగ
పూట గడచులోనె పొరలు గట్టి
కాంతి తగిలి లోహకాంతియే కరగెను
వెలుగు హెచ్చినంత వెండి నలుపె

విశ్లేషణ: ఛందస్సుకు వంక లేదు, శాస్త్రానికే ఉంది. వెండిని నల్లబరిచేది గాలిలోని గంధక సమ్మేళనాలు. పైన కట్టేది సిల్వర్ సల్ఫైడు పొర. పూటలో దీపం చేసే పని కాదది. వెండి నాణేల కట్టకు రబ్బరు బ్యాండు వేస్తే మాత్రం, రబ్బరులోని గంధకం వల్ల నల్లగీత పడుతుంది. రెండో, మూడో పాదాలు ఇలా మారిస్తే, ఉన్న నలుపే వెలుగులో బయటపడిందన్న అర్థం వస్తుంది:

పూటపూటకింత పొరలు గట్టి
గంధకంబు గాలి గలసి పైనంటిన

నాలుగో పూరణ

గాజుపలక నొకటి కటకంబు క్రిందుగా
నలువదైదు డిగ్రి నడుమ వంచి
ప్రక్కదీపమొకటి పడవేయ గాంతిని
వెలుగు హెచ్చినంత వెండి నలుపె?

విశ్లేషణ: ప్రశ్నార్థకంతో సమస్యను తిప్పికొట్టారు, భేష్! పక్కదీపం వెలుగు గాజుకు తగిలి నిట్టనిలువుగా నాణెం మీద పడి, అదే దారిన లెన్సుకు చేరుతుంది; చదును భాగం తెల్లగా, వాలు అంచులు నల్లగా వస్తాయి. 30.5 మి.మీ. విక్టోరియా రూపాయికి 45 డిగ్రీల వాలులో కనీసం 43 మి.మీ. గాజు కావాలి. 25 మి.మీ. వెడల్పు మైక్రోస్కోపు స్లైడు చాలదు, ఫొటో ఫ్రేము గాజు కోయించుకోండి. మందం ఎక్కువైతే బొమ్మ జంటగా కనిపిస్తుంది. దీపం నేరుగా నాణేనికి తగలకుండా ఒక అట్ట అడ్డం పెట్టాలి. గాజుకు అవతల నల్లగుడ్డ వేలాడదీయాలి, లేకపోతే గదిగోడ కూడా ఫొటోలోకి వస్తుంది. గాజు తిప్పి పంపే వెలుగు కొంచెమే కనుక కెమెరా స్టాండు మీద ఉండాలి: ఐఎస్ఓ (వెలుగును పట్టే చురుకు) 100, ఎఫ్/8 (లెన్సు రంధ్రం కొలత), రెండు సెకన్ల టైమరు.

ప్రశ్న: గురువుగారూ, శాతవాహనుల సీసపు నాణేలకూ ఇదేనా అండీ?

జవాబు: వద్దండీ. సీసం మెరవదు, గాజు పెడితే వాటిమీది ఏనుగూ, ఉజ్జయిని గుర్తూ (నాలుగు కొసల్లో సున్నాలున్న అడ్డునిలువు గీతలు) చప్పబడిపోతాయి. ఒక్కటే దీపం, 20–30 డిగ్రీల ఎత్తులో, గడియారంలో పదికీ రెండుకీ మధ్యే జరపండి. అది దాటి గడియారంలో ఆరు వైపుకు జరిపితే ఉబ్బు గుంటలా కనిపిస్తుంది. నీడ మరీ ముదిరితే ఎదుటివైపు తెల్ల అట్టముక్క నిలబెట్టండి.