నరంలో సిగ్నల్ నిజంగా గెంతుతుందా?

జీవశాస్త్రం బాగా తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి. స్క్విడ్ అనే సముద్రజీవిలో పెద్ద ఆక్సాన్ (నరకణం నుంచి సిగ్నల్‌ను మోసుకెళ్లే పొడవాటి పోగు) దాదాపు 1 మిల్లీమీటర్ లావు ఉంటుంది, హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో సోడియం, పొటాషియం అయాన్ల లెక్క తేల్చింది దాని మీదే, అయినా అందులో సిగ్నల్ వేగం సెకనుకు 25 మీటర్ల దగ్గరే. మన నరాల్లోనేమో 20 మైక్రోమీటర్ల ఫైబర్ కూడా సెకనుకు 100 మీటర్లు దాటించేస్తుంది, పైన చుట్టుకుని ఉన్న మైలిన్ అనే కొవ్వు పొర వల్ల. ఇంతవరకు ఓకే. సోడియం ఛానెళ్లు (సోడియం అయాన్లు లోపలికి వచ్చే దారులు) రాన్వియర్ కణుపుల దగ్గర, అంటే మైలిన్ పొరకు మధ్యమధ్యలో ఉండే ఖాళీల దగ్గర, గుంపుగా ఉంటాయి, సిగ్నల్ ఒక కణుపు నుంచి ఇంకోదానికి గెంతుతుంది అని ఎక్కడ చూసినా అదే మాట. మరి మధ్యలో ఏం జరుగుతోంది? ఆక్సాన్ లోపల కరెంటు పాకుతుందా, పాకితే బలం తగ్గిపోదా?

ఇంకోటి. కాలి బొటనవేలు మంచం కోడుకు కొట్టుకుంటే తగిలినట్టు ముందే తెలుస్తుంది, చురుక్కుమంటుంది, సలుపు మాత్రం ఓ క్షణం ఆగి మెల్లగా ఎక్కుతుంది. ఆ సలుపు మోసే సి ఫైబర్లకు మైలిన్ లేదు, సెకనుకు మీటరు అటూఇటూ వేగం, సరే. కానీ వాటిని అలా వదిలేయడం వల్ల శరీరానికి లాభమేంటి? చోటు కలిసొస్తుందా? ఫార్ములాలు ఉన్నా పర్లేదు, బొమ్మ వేసి చూపిస్తే ఇంకా మంచిది.