మామయ్య రేకు డబ్బాలోని సోవియట్ బ్యాడ్జీలు, ఒక పతకం: ఎలా గుర్తించాలి, ఎలా భద్రపరచాలి?

ప్రశ్న: హనుమకొండ నుంచి

అందరికీ నమస్కారం. మా మేనమామ గారు 1970లలో సోవియట్ యూనియన్‌లో వైద్యవిద్య పూర్తి చేసి వచ్చి, నర్సంపేటలో చాలా ఏళ్లు వైద్యం చేశారు. ఆయన కాలం చేసి రెండేళ్లయింది. ఈమధ్య అత్తమ్మతో కలిసి ఇల్లు సర్దుతుండగా అటక మీద ఒక బిస్కెట్ల రేకు డబ్బా దొరికింది. అందులో ఎర్ర గుడ్డ ముక్కకు వరుసగా గుచ్చిన అరవై మూడు బ్యాడ్జీలు, విడిగా కాగితంలో చుట్టిన ఒక పతకం ఉన్నాయి. మామయ్య బతికున్నప్పుడు వీటి గురించి ఒకటి రెండుసార్లు చెప్పినా, అప్పుడు నేను చెవిన పెట్టలేదు. ఆ బాధతోనే ఇక్కడ అడుగుతున్నాను.

బ్యాడ్జీలలో ఎక్కువ భాగం చాలా తేలికగా ఉన్నాయి. కొన్నింటిపై లెనిన్ ముఖం, కొన్నింటిపై కోటలు, రాకెట్లు, ఎలుగుబంటి బొమ్మ ఉన్నాయి. ఒక ఎర్ర నక్షత్రం నడుమ ఉంగరాల జుట్టున్న చిన్న పిల్లవాడి ముఖం ఉంది. ఒకదానిపై మన జెండా, వాళ్ల జెండా పక్కపక్కనే ఉన్నాయి. నీలిరంగు డాలు మీద పసుపుపచ్చని ఉదయించే సూర్యుడు ఉన్న మరొకటి మాత్రం రష్యాది కాదేమో అనిపిస్తోంది. వీటన్నిటికంటే బరువైనది ఒక వజ్రాకారపు బిళ్ళ. దానిపై సుత్తి, కొడవలి, కింద గిన్నెకు చుట్టుకున్న పాము ఉన్నాయి. వెనుక పిన్నీసుకు బదులు మర, గుండ్రటి నట్టు ఉన్నాయి. పతకం ఇత్తడిలా కనిపిస్తోంది. ముందువైపు మీసాలున్న సైనికాధికారి ఎడమవైపుకు తిరిగి ఉన్నాడు, పైన నలుపు, నారింజ చారల రిబ్బను ఉంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక లెనిన్ బ్యాడ్జీ నల్లబడిందని బజారులో ఒక దుకాణానికి తీసుకువెళితే, అతను మెరుగు పెట్టి ఇచ్చాడు. బంగారు రంగు మొత్తం పోయి కింది లోహం తెల్లగా బయటపడింది. అదే దుకాణదారు మిగిలినవన్నీ కలిపి తూకానికి కొంటానన్నాడు. మా అమ్మ అయితే బతుకమ్మ పండుగకు ఇత్తడి సామానుతో పాటు పతకాన్ని కూడా చింతపండుతో తోమి పెడతానంటున్నారు. నేను ఆపి ఉంచాను. ఇవి ఏమిటో, వీటి విలువ ఎంతో, ఎలా దాచాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: కరీంనగర్ సేకర్త

అమ్మగారిని ఆపి చాలా మంచి పని చేశారు. నేను పాతికేళ్లుగా తూర్పు ఐరోపా, సోవియట్ బ్యాడ్జీలు సేకరిస్తున్నాను. నా దగ్గరికి వచ్చే పెట్టెల్లో సగం ఇలా తోమి పాడుచేసినవే.

ముందుగా ఒక తేడా చెప్పాలి. బ్యాడ్జీ వేరు, రాజ్య పురస్కారం వేరు. రష్యన్‌లో ‘జ్నాచోక్’ అనే బ్యాడ్జీని అక్కడ ప్రతి ఊరికీ, ప్రతి కర్మాగారానికీ, ప్రతి ఉత్సవానికీ తయారు చేసి పత్రికల దుకాణాల్లో చిల్లర పైసలకు అమ్మేవారు. మీ బ్యాడ్జీల వెనుక భాగాన్ని భూతద్దంతో చూడండి. చాలావాటి మీద 15, 20, 25 వంటి అంకె, దాని పక్కన ‘క’ శబ్దానికి రష్యన్ అక్షరం కనిపిస్తాయి. అది కోపెక్కులలో, అంటే రూబులులో నూరో వంతైన చిల్లరలో, ధర. ధర నేరుగా లోహంలోనే అచ్చు కొట్టి ఉంటుంది కాబట్టి, వస్తువు అసలుదని నమ్మడానికి అదొక ఆధారం అవుతుంది. పక్కనే చిన్న గుర్తు ఉంటే అది తయారు చేసిన కర్మాగారానిది. తేలికగా ఉన్నవి అల్యూమినియం మీద రంగు వేసినవి. ముందువైపు ‘సీసీసీపీ’ అని ఇంగ్లిష్‌లా కనిపించేది నిజానికి ‘ఎస్సెస్సెసార్’, అంటే సోవియట్ దేశం పేరులోని తొలి అక్షరాలు. ఇది తెలియక చాలామంది తికమక పడతారు.

ఎర్ర నక్షత్రంలో ఉన్న పిల్లవాడు చిన్ననాటి లెనిన్. బడిలో చేరిన ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను ‘అక్టోబరు పిల్లలు’ అనేవారు, వాళ్లు పెట్టుకునే గుర్తు అది. తర్వాత ‘పయొనీరులు’ అనే బాలల సంఘంలో చేరేవారు. వాళ్ల నక్షత్రంపై లెనిన్ ముఖం, మూడు నాలుకల మంట, ‘ఎప్పుడూ సిద్ధం’ అనే నినాదం ఉంటాయి. పద్నాలుగేళ్లు నిండాక కమ్సమోల్ అనే కమ్యూనిస్టు యువజన సంఘంలో చేరితే ఎర్ర జెండా ఆకారపు బ్యాడ్జీ వచ్చేది. ఈ మూడూ మీ డబ్బాలో ఉంటే ఒకే వరుసలో ఉంచండి, ఒక మనిషి బాల్యం నుంచి యవ్వనం దాకా నడిచిన దారి అందులో కనిపిస్తుంది. ఎలుగుబంటి 1980 మాస్కో ఒలింపిక్స్ గుర్తయిన మీషా. రెండు జెండాలది బహుశా 1984 ఏప్రిల్‌లో మన రాకేశ్ శర్మ గారు సోయజ్ టీ-11 నౌకలో సల్యూత్-7 అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన యాత్రది. తేదీ చూసి నిర్ధారించుకోండి. అది మీ మామయ్య చదువు పూర్తి చేసుకుని వచ్చిన తర్వాతి కాలం కాబట్టి, ఎవరు పంపారో అత్తమ్మ గారిని అడగండి. నీలి డాలు మీద సూర్యుడున్నది తూర్పు జర్మనీది. 1946లో ఏర్పడిన స్వేచ్ఛా జర్మన్ యువజన సంఘం గుర్తు అది. మాస్కోలో చదివే విద్యార్థులు పలు దేశాలవారు, ఒకరి బ్యాడ్జీ ఒకరికి ఇచ్చి పుచ్చుకోవడం అక్కడ స్నేహానికి మామూలు పద్ధతి.

ఇక వజ్రాకారపు బిళ్ళ. దాన్ని అక్కడివారు ముద్దుగా ‘రోంబిక్’ అనేవారు. ఉన్నత విద్య పూర్తి చేసిన వారికి పట్టాతో పాటు ఇచ్చేవారు. పాము చుట్టుకున్న గిన్నె వైద్యవిద్యకు గుర్తు. కోటు కుడి ఛాతీకి రంధ్రం చేసి మర దూర్చి, లోపలి నుంచి నట్టు బిగించేవారు, అందుకే దానికి పిన్నీసు లేదు. ఆ నట్టు పోగొట్టుకోకండి. మార్కెట్టులో దానికి పెద్ద ధర రాదు, కానీ మీ డబ్బాలో నేను మొదట చేతిలోకి తీసుకునేది అదే. కొనుక్కున్నది కాదు, మామయ్య చదివి సంపాదించుకున్నది.

పతకం ‘జర్మనీపై విజయానికి’ అనేది. 1945 మే 9న స్థాపించారు. ఇత్తడి, 32 మిల్లీమీటర్ల వ్యాసం. ముందు ఉన్నది స్తాలిన్, చుట్టూ ‘మన పక్షం న్యాయమైనది, మనం గెలిచాం’ అని రాసి ఉంటుంది. సుమారు కోటిన్నర మందికి ఇచ్చారు కాబట్టి ఇది అరుదైనది కాదు. దీనికి వరుస సంఖ్య కూడా ఉండదు. అదే ఎర్ర నక్షత్ర ఆర్డర్ అనే సైనిక పురస్కారం వంటి వాటికైతే వెనుక సంఖ్య చెక్కి ఉంటుంది, ఆ సంఖ్యను బట్టి కాలాన్ని అంచనా వేయవచ్చు. అయితే ఈ పతకం బజారులో అమ్మకానికి తయారైనది కాదు, ఎవరో ఒకరి ఛాతీ మీద ఉన్నది. అది మీ మామయ్యకు ఎవరిచ్చారో తెలుసుకోవడమే ముఖ్యమైన పని. డబ్బాలో, పాత ఉత్తరాలలో చిన్న మడత కార్డు ఏదైనా ఉందేమో వెతకండి. పతకంతో పాటు పేరు రాసిన ధ్రువపత్రం ఇచ్చేవారు.

తూకానికి మాత్రం ఇవ్వకండి. లోహంగా చూస్తే అల్యూమినియానికి వచ్చేదెంత?

జవాబు: రసాయన శాస్త్ర ఉపన్యాసకురాలు, నిజామాబాద్

చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీది ఆక్సైడు పొరను కరిగిస్తుంది. బిందెకు అది మేలు, పతకానికి కీడు. ఎనభై ఏళ్లలో ఏర్పడిన గోధుమరంగు పొర కింది లోహాన్ని కాపాడుతూ ఉంటుంది. దాన్ని తీసేస్తే కొత్త లోహం బయటపడి, మన ముసురు కాలంలో మళ్లీ వేగంగా మచ్చలు పడుతుంది. పైగా అక్షరాల అంచులు అరుగుతాయి. మీ లెనిన్ బ్యాడ్జీ విషయంలో జరిగిందేమిటంటే, అల్యూమినియం మీద ఉన్న పలుచని రంగు పొర మెరుగుపెట్టే పొడితో ఊడిపోయింది. దాన్ని తిరిగి తేవడం కుదరదు, కానీ పారేయకండి.

పొడి దుమ్మును మెత్తని కుంచెతో తుడవండి, అంతకు మించి వద్దు. గోళ్ల రంగు తీసే అసిటోన్ తగిలితే బ్యాడ్జీల రంగు కరిగిపోతుంది. గాజులా గట్టిగా ఉండే నిజమైన ఎనామిల్ కరగదు గానీ, బిళ్ళను కొంచెం వంచినా పగులుతుంది. అందువల్ల గుడ్డ నుంచి తీసేటప్పుడు పిన్నీసును లాగకుండా గుడ్డనే వదులు చేయండి. ఎక్కడైనా పచ్చని చిలుము పొడిలా రాలుతుంటే ఆ ఒక్క వస్తువును వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి. తడి, చేతి చెమటలోని ఉప్పు కలిస్తే అది పెరుగుతూనే ఉంటుంది.

దాచే విషయంలో చాలామంది మెత్తని పీవీసీ సంచుల ఆల్బమ్ కొంటారు. దాని నుంచి కాలక్రమంలో వెలువడే ఆమ్లం రాగిని తింటుంది. పాలిప్రొపైలీన్ లేదా పాలియెస్టర్ సంచులు వాడండి. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ వద్దు, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. వార్తాపత్రిక కాగితంలో ఆమ్లం ఉంటుంది కాబట్టి అదీ వద్దు. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, నీలం గింజలు గులాబీ రంగుకు మారినప్పుడల్లా వేడి చేసి తిరిగి వాడండి. రిబ్బనుకు ఎండ తగలకూడదు. ఆ ఎర్ర గుడ్డను మాత్రం పారేయవద్దని నా మనవి. మామయ్య ఏ వరుసలో గుచ్చారో ముందు ఫొటో తీసి పెట్టుకోండి.

జవాబు: పెంబర్తి వాసి

మా ఇంట్లో తాతల కాలం నుంచి ఇత్తడి రేకు మీద బొమ్మ తీసే పని. బ్యాడ్జీల గురించి నాకు తెలియదు గానీ, నకిలీని పట్టే పద్ధతి లోహంపని చేసేవాడికి తెలుస్తుంది. అచ్చు కొట్టిన బిళ్ళలో అక్షరం అంచు కత్తిలా నిలుస్తుంది, నేల నున్నగా ఉంటుంది. పోత పోసిన దానిలో అంచు గుండ్రంగా కరిగినట్టు ఉండి, భూతద్దంలో సూదిమొన అంత గుంటలు కనిపిస్తాయి. పోత చల్లారినప్పుడు లోహం కుంచించుకుపోతుంది కాబట్టి, అసలు బిళ్ళ నుంచి తీసిన పోత అసలుదానికంటే కొద్దిగా చిన్నదవుతుంది. పై జవాబులో 32 మిల్లీమీటర్లని ఇచ్చారు కదా, కాలిపరుతో కొలిచి చూడండి.

జవాబు: గోదావరిఖని వాసి

ఒక చిన్న హెచ్చరిక. సోవియట్ రాజ్య పురస్కారాలను కొనడం, అమ్మడం రష్యాలో నేటికీ శిక్షాస్మృతిలోని 324వ సెక్షన్ కింద నేరం. మామూలు బ్యాడ్జీలకు అది వర్తించదు. మీ కుటుంబంలో ఎవరైనా అక్కడికి వెళుతుంటే జ్ఞాపకంగానైనా ఈ పతకాన్ని వెంట పంపవద్దు. లిథువేనియాలోనైతే 2008 నుంచి సోవియట్ చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శించడమే నిషిద్ధం.

తిరిగి ప్రశ్న అడిగినవారు: హనుమకొండ

అందరికీ కృతజ్ఞతలు. పతకం సరిగ్గా 32 మిల్లీమీటర్లుంది, అక్షరాల అంచులు వేలికి గీరుకుంటున్నాయి. జెండాల బ్యాడ్జీపై 1984 అని ఉంది, మామయ్య సహాధ్యాయి ఒకరు ఉత్తరంతో పాటు పంపారని అత్తమ్మ చెప్పారు.

కరీంనగర్ వారు చెప్పినట్టే ఉత్తరాల కట్టలో ఒక చిన్న మడత కార్డు దొరికింది. లోపల ఊదారంగు సిరాతో చేతిరాత, గుండ్రటి ముద్ర ఉన్నాయి. మామయ్య చదువుకునే రోజుల్లో అద్దెకున్న ఇంటి అవ్వ, తిరిగి వచ్చే ముందు రోజు తన భర్త పతకాన్ని ఇచ్చిందని మా ఇంట్లో అందరం అనుకుంటూ వచ్చాం. పేరు ఇక్కడ పెట్టడం భావ్యం కాదని, కార్డు ఫొటో కరీంనగర్ వారికి విడిగా పంపాను.

జవాబు: కరీంనగర్ సేకర్త

ఫొటో చూశాను. చేతిరాత స్పష్టంగానే ఉంది. అచ్చులో ఉన్నది ‘మహా దేశభక్తి యుద్ధంలో పాల్గొన్నందుకు’ అనే వాక్యం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీతో తాము చేసిన పోరును అక్కడివారు అలా పిలుస్తారు. దాని కింద రాసిన పేరులో తండ్రి పేరు ‘-ఓవ్నా’తో, ఇంటిపేరు ‘-ఓవా’తో ముగుస్తున్నాయి. రష్యన్‌లో పురుషుడి పేరైతే అవి ‘-ఓవిచ్’, ‘-ఓవ్’ అని ఉండాలి. కాబట్టి ఈ పతకం ఆ అవ్వ భర్తది కాదండీ, ఆ అవ్వకే ఇచ్చింది. ముద్రలో సగం చెరిగిపోయినా ‘ఎవాకోగోస్పితాల్’ అనే మాట చదవగలిగాను. అంటే యుద్ధరంగం నుంచి తరలించిన గాయపడ్డవారికి చికిత్స చేసే ఆసుపత్రి. ఆ యుద్ధంలో సోవియట్ సైన్యంలో సుమారు 8 లక్షల మంది మహిళలు పనిచేశారు, వారిలో వైద్యులు, నర్సులు ఎందరో ఉన్నారు. ఆసుపత్రి సిబ్బందికి కూడా ఈ పతకం ఇచ్చారు.

కార్డును, పతకాన్ని ఇక వేరు చేయకండి. కార్డును విడిగా పాలియెస్టర్ సంచిలో, పతకం పక్కనే ఉంచండి.

తిరిగి ప్రశ్న అడిగినవారు: హనుమకొండ

ఈ జవాబు అత్తమ్మకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, మామయ్యకు గాయానికి కుట్లు వేయడం మొదట నేర్పింది కళాశాల కాదని, ఇంటి అవ్వ వంటగదిలో దిండు గలీబు మీద నేర్పిందని ఆయన తరచూ అనేవారని, అది తమాషాకు అంటున్నారని తాను అనుకునేదాన్నని చెప్పారు. ఆ మాటను ఈ రోజు తేదీ వేసి, అత్తమ్మ చేతనే ఒక కాగితం మీద రాయించి కార్డుతో పాటు పెట్టాను. ముద్రలో చెరిగిన రెండో వరుసలో ఆసుపత్రి సంఖ్య ఉందేమో, పక్కవాటుగా వెలుతురు పెట్టి మళ్లీ ఫొటో తీసి ఆదివారం పంపుతాను.